పుట్టకొక్కులు తెచ్చారు, రాత్రికి ఏం వండాలి? ప్రతి వానాకాలం నన్నడిగే ప్రశ్నలు, నా జవాబులు

నాలుగు గట్టి వానలు పడి, ఉరుములు ఉరిమి, మధ్యలో ఓ పూట ఎండ కాసిందంటే చాలు, ఒడిశాలోని మా గుణుపురం బజార్లో ఆకు దొప్పల్లో పుట్టకొక్కులు దిగిపోతాయి. ఆ సాయంత్రం నుంచే నా ఫోను మోగడం మొదలు. రాయగడలో ఉన్న చెల్లి, పర్లాకిమిడిలో మేనకోడలు, పెళ్లయి వైజాగ్ వెళ్లిపోయిన పక్కింటి అమ్మాయి, అందరిదీ ఒకటే మాట, "అక్కా, కొక్కులు తెచ్చారు, ఏటి చెయ్యమంటావ్?" అని. చెప్పిందే చెప్పి నోరు నొప్పెట్టి ఈసారి రాసి పెట్టేస్తున్నా. మీకు ఏ డౌటు ఉంటే దాని దగ్గరికే వెళ్లి చదూకోండి, మొత్తం చదవక్కర్లేదు.

పేరు సంగతి ఒకటి. పుస్తకాల్లో పుట్టగొడుగులు అంటారు, మా వైపు పుట్టకొక్కులు, ఇంకా పొట్టిగా కొక్కులు. ఒడియా వాళ్లు ఛతు అంటారు. నేను మూడూ కలిపేసి రాస్తా, ఏమనుకోకండి.

## బజార్లో, కొనేటప్పుడు

పుట్టకొక్కులు, పాళ ఛతు, సూపర్ మార్కెట్ బటన్ మష్రూమ్, ఇవన్నీ ఒకటేనా అక్కా?

కాదమ్మా. అసలు పుట్టకొక్కు అంటే చెదపురుగుల పంట. పుట్ట లోపల చెదలు ఎండుటాకులు, కర్రముక్కలు నమిలి తెచ్చి స్పంజిలాంటి గూడు కట్టి దాని మీద బూజు పెంచుకుంటాయి. వానలు పడ్డాక ఆ బూజు లోంచే కొక్కు మట్టి చీల్చుకుని పైకొస్తుంది, అందుకే దానికి కింద తోకలాగ పొడుగాటి వేరు ఉంటుంది. సైన్సు వాళ్లు దీన్ని టెర్మిటోమైసిస్ అంటారు. చెదలు లేకుండా షెడ్డులో పెంచి అమ్మే పద్ధతి రాలేదు కాబట్టి ఈ రెండు మూడు నెలలే దొరుకుతాయి. పాళ ఛతు అంటే వరిగడ్డి మీద పెంచేది, ఒడిశాలో ఊరూరా పెంచుతారు, మెత్తగా ఉంటుంది, తొందరగా ఉడుకుతుంది. బటన్‌ది మూడో రకం, చల్లటి గదుల్లో పెంచుతారు, నా మట్టుకు నాకు అది తడి దూదిలాగే ఉంటుంది. వంటకి తేడా ఏంటంటే, పుట్టకొక్కు కాడ చికెన్ పీచులాగ ఉంటుంది, కాబట్టి దానికి ఎక్కువసేపు పొయ్యి కావాలి.

విషపువో మంచివో ఇంట్లోనే తెలుసుకునే చిట్కా ఉందా? వెండి నాణెం వేస్తే నల్లబడుతుందంటారు కదా?

లేదు. వెండి నాణెం, వెల్లుల్లిపాయ నల్లబడటం, బియ్యం రంగు మారడం, పసుపు ఎర్రబడటం, పురుగు తిన్నది మనమూ తినొచ్చనడం, ఇవన్నీ విన్నాను, మా నాయనమ్మ కూడా వెల్లుల్లి వేసేది, ఒక్కటీ నిజం కాదు. ప్రాణం తీసే అమనిటా జాతి కొక్కులతో వండినా వెండి తెల్లగానే ఉంటుంది, రుచి కూడా బాగానే ఉంటుందని తిని బతికినవాళ్లు చెప్పారట, అదే భయం. దాని విషం ఉడకబెట్టినా పోదు, వేయించినా పోదు, ఎండబెట్టినా పోదు. కాబట్టి వంటింట్లో పరీక్ష లేదు. పరీక్ష ఏదైనా ఉంటే అది కోసిన చోటే, ఆ రకాన్ని ఏళ్ల తరబడి కోసి తింటున్న మనిషి కంట్లో ఉంది. ఆ మనిషి లేకపోతే ఆ పూట పప్పు వండుకోండి.

మరి బజార్లో ఎలా నమ్మి కొనాలి?

నేను కొనే పద్ధతి చెప్తా. మాకు పుట్టాసింగ్ వైపు కొండల నుంచి సవర అమ్మలు తెస్తారు, నేను ఏళ్లుగా ఒకామె దగ్గరే కొంటున్నా, ఎక్కడ కోసిందో అడుగుతా, తనూ ఇంట్లో అదే వండుకుంటోందా అనీ అడుగుతా. వేరుతో సహా ఉన్నవే కొంటా, కాడ సగానికి కోసేసినవి ముట్టుకోను, ఎందుకంటే కాడ అడుగున ఏముందో చూడాలి. అమనిటాలకి అడుగున సంచిలాంటి తొడుగు ఉంటుంది. పుట్టకొక్కుకి సంచి ఉండదు, సన్నబడుతూ పోయే వేరు ఉంటుంది. దొప్పలో రెండు మూడు రకాలు కలిసి ఉంటే ఎంత చవగ్గా ఇచ్చినా వద్దు. అయితే ఈ గుర్తులు చదివేసి మీరే అడవికెళ్లి కోసుకోకండి, ఇవి కొనేటప్పుడు అనుమానపడటానికే గానీ ధైర్యం చెయ్యడానికి కాదు.

పశువుల మైదానంలో పెద్ద పెద్ద తెల్ల గొడుగులు వచ్చాయి, మల్లెపువ్వులా ఉన్నాయి, వండేయనా?

ఆగండి ఆగండి. మా మావయ్య ఒకసారి అచ్చం అలాంటివే సంచీ నిండా తెచ్చారు, ఒక్కోటి అన్నం కంచమంత. ఇంట్లో అందరూ మురిసిపోయారు. నాకెందుకో మనసొప్పక ఒకదాని గొడుగు కోసి తెల్లకాగితం మీద బోర్లించి, గాలి తగలకుండా గిన్నె మూసి పెట్టా. పొద్దున్న తీసి చూస్తే కాగితం మీద చక్రంలా గీతలు గీతలుగా పొడి రాలి ఉంది, ముదురాకుపచ్చ కాదు, పాచి పట్టిన గోడ ఉంటుందే ఆ రంగు. క్లోరోఫిల్లమ్ అనే రకానికి అలా పచ్చటి పొడి రాలుతుంది, ముదిరితే గొడుగు కింద పొరలు కూడా పచ్చబడతాయి. అది తింటే గంట నుంచి మూడు గంటల్లోపే వాంతులు విరేచనాలు పట్టుకుంటాయి. మొత్తం సంచీ గొయ్యి తీసి పాతిపెట్టాం. ఇంకో మాట, పొడి పచ్చగా లేకపోతే మంచిదే అని అర్థం కాదు, అమనిటాకి తెల్లపొడే రాలుతుంది.

ముడుచుకున్నవి కొనాలా, విచ్చుకున్నవా?

పుట్టకొక్కులైతే సగం విచ్చినవి. గొడుగు ఇంకా కాడ వైపు వంగి ఉండి, తలమీద మొన గట్టిగా ఉండాలి. పూర్తిగా విచ్చి అంచులు చీలిపోయినవి చవగ్గా ఇస్తారు, ఆ పూటే వండేస్తే పర్లేదు గానీ వాటిలో పురుగు ఎక్కువ, నీరూ ఎక్కువ. పాళ ఛతు మాత్రం గుడ్డులా ముడుచుకుని ఉన్నదే బాగుంటుంది, అది పెంచేవాళ్ల దగ్గరే కొనండి. అడవి నుంచి తెచ్చిన గుడ్డు ఆకారం కొక్కు దేన్నీ కొనకండి, పాళ ఛతు గుడ్డూ అమనిటా గుడ్డూ చిన్నప్పుడు కవల పిల్లల్లా ఉంటాయి. వేరే దేశాలకి వెళ్లిన ఆసియా వాళ్లు పాళ ఛతే అనుకుని అమనిటా తిని ఆస్పత్రుల పాలయ్యారు.

నలుగురికి ఎంత తీసుకోవాలి?

కూరకి అరకిలో. తొంభై శాతం నీరే కాబట్టి మూకుడు నిండా కనిపించింది సగానికి కుంగుతుంది, కంగారు పడకండి. ధర చికెన్‌తో పోటీ పడుతున్నప్పుడు నేను పావుకిలో కొని పులుసు చేసేస్తా, రుచి అందరికీ అందుతుంది.

చిటికెన వేలి గోరంత చిన్నవి గుట్టగా అమ్ముతున్నారు, అవి శుభ్రం చెయ్యడం నా వల్ల అవుతుందా?

అవీ పుట్ట జాతివే, నేల మీద వందల కొద్దీ ఒకేసారి పరుచుకుని వస్తాయి. రుచికి నన్నడిగితే పెద్దవాటికంటే ఇవే గొప్ప, కానీ శుభ్రం చెయ్యడానికి గంట పడుతుంది. వెడల్పు పళ్లెంలో పరిచి ముందు గడ్డీ మట్టిపెళ్లలూ ఏరి, కాడ చివర గోటితో గిల్లేసి, జల్లెట్లో వేసి పంపు కింద చేత్తో కదుపుతూ రెండుసార్లు కడిగెయ్యడమే. టీవీ ముందు కూచుని అత్తాకోడళ్లిద్దరూ పట్టుకుంటే అయిపోతుంది. ఏరేటప్పుడు వేరే రకం ఒక్కటి కనిపించినా పక్కన పడెయ్యండి, చిన్నవాటిలో పరాయివి దూరడం సులువు.

## ఇంటికొచ్చాక, పొయ్యి వెలిగించే ముందు

మష్రూమ్ కడగకూడదంటారు యూట్యూబ్‌లో, ఇంత ఎర్రమట్టి ఉంటే కడక్కుండా ఎలా?

ఆ మాట ప్యాకెట్టులో వచ్చేవాటికి. పుట్టమట్టితో వచ్చినదాన్ని కడగాల్సిందే, కాకపోతే నానబెట్టకూడదు. ముందు పొడిగా ఉండగానే చాకుతో వేరు మీద మట్టి గీకండి, కాడ పైపొర ఉల్లిపొరలాగ ఊడొస్తుంది, అది లాగేస్తే సగం మట్టి దానితోనే పోతుంది. తలమీద మొన దగ్గర గట్టి మట్టి అంటుకుని ఉంటుంది, గోటితో తీసెయ్యండి. అప్పుడు గొడుగు కింద పొరలు కిందికి ఉండేలా పట్టుకుని పంపు నీళ్లలో చకచకా రెండుసార్లు. వెంటనే పాత పంచె గుడ్డ మీద పరిచి పది నిమిషాలు ఆరనివ్వండి. మట్టి మిగిలిపోతే ఎంత మసాలా వేసినా ప్రతి ముద్దకీ పంటికింద కరకర, ఆ కూర ఎవరూ తినరు.

లోపల సన్న తెల్ల పురుగులు కనిపించాయి, మొత్తం పారెయ్యాలా?

ఒకటీ అరా అయితే కంగారు లేదు. కొక్కుని నిలువుగా చీల్చి ఉప్పు, పసుపు వేసిన నీళ్లలో పది నిమిషాలు ఉంచితే పురుగులు బయటికొచ్చేస్తాయి, తర్వాత కడిగేసుకోవడమే. కాడ అంతా జల్లెడలాగ చిల్లులు పడి, లోపల గోధుమరంగు తిరిగి, మెత్తగా జావలా ఉంటే అది పారెయ్యండి. ముక్కుకి దగ్గరగా పెట్టుకుంటే తాజాదానికి తడిమట్టి వాసన, పాడైనదానికి చేపలబుట్ట వాసన వస్తుంది.

కాడలు గట్టిగా ఉన్నాయి, తలలే వండనా?

అయ్యో, కాడలే కదమ్మా అసలు రుచి! చివరి పీచు వేరు మాత్రం తీసెయ్యండి, మిగతాది చాకు పెట్టకుండా చేత్తో నిలువుగా సన్నగా చీల్చండి. చీల్చిన గరుకు అంచులకి మసాలా పడుతుంది, చాకుతో కోసిన నున్నటి ముక్క జారిపోతుంది. కాడలు ముందు మూకుట్లో వేసి అయిదు నిమిషాలు అయ్యాక తలలు వేస్తే రెండూ ఒకేసారి ఉడుకుతాయి.

మధ్యాహ్నం కొన్నా, రాత్రికి వండుతా, అందాకా ఫ్రిజ్‌లో పెట్టొచ్చా?

పుట్టకొక్కులైతే పెట్టొచ్చు, కడక్కుండా, కాగితం సంచిలోనో పొడి గుడ్డలోనో చుట్టి. ప్లాస్టిక్ కవర్లో కట్టేస్తే చెమట పట్టి జిగురొస్తుంది. నేను ఓసారి బస్సులో రాయగడ నుంచి కవర్లో కట్టి తెచ్చా, ఇంటికొచ్చి విప్పితే ముద్ద, నాలుగొందలు డ్రైనేజీలో పోయాయి. పాళ ఛతు మాత్రం ఫ్రిజ్ చలికి తట్టుకోదు, 4 డిగ్రీల్లో ఉంటే నీరుగారి జావైపోతుంది, అది వంటింట్లో చల్లటి మూల బుట్టలో పెట్టి ఆ రాత్రే వండెయ్యాలి. అసలు ఏ కొక్కైనా తెల్లారేదాకా ఉంచుదాం అనుకోకండి.

ముందు ఉడకబెట్టి ఆ నీళ్లు పారబోస్తే సేఫ్ అంటారు, నిజమేనా?

మంచి కొక్కుకి అది అక్కర్లేదు, రుచి అంతా ఆ నీళ్లతో పోతుంది. చెడ్డ కొక్కుకి అది పనిచెయ్యదు, అమనిటా విషం మరిగే నీళ్లకి చెదరదు. రెండు విధాలా దండగ పని.

## పొయ్యి మీద

నేను చేస్తే ఎప్పుడూ నీళ్లు నీళ్లుగా, ముక్క రబ్బరులా వస్తోంది, ఎక్కడ తప్పు?

ఈ ఒక్క ప్రశ్నకి జవాబు తెలిస్తే మిగతా కూరలన్నీ వచ్చేసినట్టే అనుకోండి. తప్పు ఏంటంటే, ఉల్లిపాయ వేగగానే కొక్కులు వేసి, ఉప్పు, కారం, మసాలా, టమాటా అన్నీ ఒకేసారి కుమ్మరించి మూత పెట్టేస్తారు. అది వేగదు, దాని నీళ్లలోనే అది ఉడుకుతుంది. ఇలా చెయ్యండి: వెడల్పు మూకుడు బాగా కాలనిచ్చి, ఒక చెంచా నూనె, కొక్కులు, చిటికెడు ఉప్పు, అంతే. మంట పెద్దది, మూత వద్దు. రెండు నిమిషాల్లో చుట్టూ నీరు ఊరి మూకుడు చెరువులా అవుతుంది, అక్కడే అందరూ భయపడతారు, మీరు పడకండి, కదుపుతూ ఉండండి. గలగలమనే చప్పుడు కాసేపటికి సన్నగిల్లి చిటపటలోకి మారుతుంది. ఆ చప్పుడు మారిందంటే నీరు పోయి నూనె మిగిలిందని, ముక్క అంచులు బంగారు రంగుకి తిరుగుతాయి, అప్పుడు తీసి పక్కన పెట్టుకోండి. పోపు, ఉల్లిపాయ, మసాలా వేరుగా వేయించుకుని చివర్లో ఇవి కలపడం. అరకిలోకి పది పన్నెండు నిమిషాలు పడుతుంది. మూకుడు చిన్నదైతే రెండు వాయిలుగా వెయ్యండి, ఒకదాని మీద ఒకటి పడితే మళ్లీ చెరువే.

ఆఫీసు నుంచి వచ్చేసరికి ఏడున్నర, గబగబా అయ్యే వేపుడు ఏదైనా చెప్పు అక్కా?

శుభ్రం చేసి ఉంటే ఇరవై నిమిషాలు. కొక్కుల నీరు పెద్ద మంట మీద ఇంకిపోయేదాకా వేయించి తీసెయ్యండి. అదే మూకుట్లో రెండు చెంచాల నూనె, జీలకర్ర, నాలుగు చితక్కొట్టిన వెల్లుల్లి రెబ్బలు, రెండు ఎండుమిరపకాయలు, కరివేపాకు. ఒక పెద్ద ఉల్లిపాయ సన్నగా తరిగి ఎర్రగా వేగాక కొక్కులు వేసి, పసుపు, ఉప్పు, అర చెంచా కారం, ఒక చెంచా వేయించిన ధనియాల పొడి. సన్న మంట మీద ఏడెనిమిది నిమిషాలు. గరం మసాలా వద్దు, ఆ మట్టివాసన కోసమే కదా ఇంత డబ్బు పెట్టి కొన్నాం.

ఒడియా వాళ్లింట్లో ఆవపిండి పెట్టిన ఛతు తిన్నా, నేను చేస్తే చేదొచ్చింది, ఎందుకు?

ఛతు బేసర అంటారు దాన్ని. చేదు రావడానికి రెండు కారణాలు, ఆవాలు పొడిగా మిక్సీలో ఎక్కువసేపు తిప్పడం, వేశాక ఎక్కువసేపు మరిగించడం. రెండు చెంచాల ఆవాలు అరగంట నానబెట్టి, ఆరు వెల్లుల్లి రెబ్బలు, రెండు పచ్చిమిరపకాయలు, ఉప్పు వేసి ఆగి ఆగి తిప్పుతూ రుబ్బండి. అర గ్లాసు నీళ్లు కలిపి పొట్టు వడగట్టేస్తే ఇంకా మంచిది. ఆవనూనె పొగ వచ్చేదాకా కాచి మంట తగ్గించి, ఒక ఆలుగడ్డ సన్న ముక్కలు, ముందే నీరింకేదాకా వేయించుకున్న కొక్కులు, పసుపు, ఒక టమాటా. అవి బాగా ఉడికాక ఆవముద్ద నీళ్లు పోసి ఒక్క పొంగు రానిచ్చి దించెయ్యడమే. పక్కింటి మావుసి (ఒడియాలో పిన్ని) దగ్గర నేర్చుకున్నా, ఆవిడ చివర పచ్చి ఆవనూనె అర చెంచా పైన వేస్తుంది, ముక్కుకి ఎక్కుతుంది గానీ భలే ఉంటుంది.

ఆకులో చుట్టి కాల్చేది, పత్రపొడా, గ్యాస్ మీద కుదురుతుందా?

కుదురుతుంది, నిప్పుల మీద వచ్చే పొగవాసన కొంచెం తగ్గుతుందంతే. కొక్కులు సన్నగా చీల్చి, ఆవాలు వెల్లుల్లి ఎండుమిర్చి రుబ్బిన ముద్ద, పసుపు, ఉప్పు, రెండు చెంచాల నూనె, తరిగిన ఉల్లిపాయ కలపండి. ఇందులో నీరు బయటికి పోయే దారి లేదు కాబట్టి ఒక చెంచా బియ్యప్పిండి వేస్తే ఊరిన నీరంతా అది పట్టుకుంటుంది. కొండల్లో సాల ఆకులోనో అడ్డాకులోనో చుడతారు, మనకి అరటాకు చాలు, మంట మీద వాడ్చి మెత్తబడ్డాక రెండు మూడు వరసలు చుట్టి దారం కట్టండి. పెనం మీద పెట్టి మూత మూసి సన్న మంట మీద ఒక్కో వైపు పదిహేను నిమిషాలు. పై ఆకు నల్లగా మాడాలి, మాడితే భయపడి తీసెయ్యకండి, లోపలి ఆకు ఇంకా పచ్చగా ఉంటుంది. విప్పగానే ఆవిరి మొహానికి కొడుతుంది చూడండి, మా ఇంట్లో ఆ ఆవిరి కోసమే పిల్లలు కంచాలు పట్టుకుని నిలబడతారు.

పులుసు పెట్టొచ్చా? చింతపండుతో బాగుంటుందా?

బాగుంటుంది, మా అమ్మ అదే ఎక్కువ చేసేది, తక్కువ కొక్కులతో ఎక్కువమందికి సరిపోతుందని. ముందు కొక్కులు నూనెలో నీరింకేదాకా వేయించుకోవాలి, పచ్చివి పులుసులో వేస్తే రుచి రాదు. మెంతులు, ఆవాలు, ఎండుమిర్చి పోపులో ఉల్లిపాయలు మగ్గాక పావుకిలో కొక్కులు, నిమ్మకాయంత చింతపండు రసం, పసుపు, కారం, ఉప్పు, చిన్న బెల్లం ముక్క. పావుగంట మరిగాక చెంచా బియ్యప్పిండి నీళ్లలో కలిపి పోస్తే చిక్కబడుతుంది. ఇనప మూకుట్లో పులుసు పెట్టకండి, నల్లబడి ఇనపరుచి వస్తుంది, మట్టిదాకో స్టీలో వాడండి.

ఏ నూనె వాడాలి?

వేపుడుకి వేరుశనగ, బేసరకి ఆవనూనె. కోరాపుట్టి వైపు చుట్టాలెవరైనా వలిసెల నూనె తెచ్చిస్తే మాత్రం దానితో ఒక్కసారి ఉత్త ఉప్పు, పచ్చిమిర్చితో వేయించి చూడండి. నెయ్యి నాకు నచ్చదు, కొక్కు వాసన కప్పేస్తుంది.

కుక్కర్లో రెండు విజిల్స్ రానిస్తే సరిపోదా?

ఉడుకుతుంది, కాదనను. కానీ లోపలి నీరు లోపలే ఉండిపోతుంది, తర్వాత ఎంత మరిగించినా చప్పగా ఉంటుంది. గ్యాస్ పొదుపు కావాలంటే పప్పుకి వాడుకోండి కుక్కరు.

ఎంతసేపు వండితే ఉడికినట్టు? ఎక్కువైతే పాడవుతుందా?

మాంసంలాగ ఎక్కువ ఉడికితే గట్టిపడటం, వంకాయలాగ ముద్దవడం, ఈ రెండు బాధలూ దీనికి తక్కువ. దాని గోడలు కైటిన్ అనే పదార్థంతో ఉంటాయి, రొయ్య పొట్టులో ఉండేదే, అది వేడికి తొందరగా కరగదు. కాబట్టి అయిదు నిమిషాలు ఎక్కువైనా పర్లేదు, తక్కువ మాత్రం వద్దు. అడవి కొక్కు దేన్నీ పచ్చిగా, సలాడ్‌లో, సగం ఉడికించి తినకూడదు, కొన్నిట్లో పచ్చిగా ఉంటే కడుపు పాడుచేసే గుణం ఉంటుంది. కనీసం పావుగంట పొయ్యి మీద ఉండాలని లెక్క పెట్టుకోండి. కాడ ముక్క కొరికితే పీచు తెగాలి, పళ్లకి సాగకూడదు.

రాత్రికి దేంతో తినాలి? అన్నమా చపాతీయా?

వేపుడైతే వేడన్నం, పప్పుచారు. బేసర అయితే అన్నమే, చపాతీకి అది అంటదు. పులుసు మిగిలితే పొద్దున్న చద్దన్నంలోకి, అదే ఒడియా వాళ్ల పఖాళలోకి. మా మావగారు చోడంబలి (రాగి అంబలి) గ్లాసు ఒక చేత్తో, పత్రపొడా ఇంకో చేత్తో, ఇంకేం అడగరు. పలావు చెయ్యాలంటే కొక్కులు ముందు వేయించి, అన్నం తొంభై శాతం అయ్యాక కలపండి.

## తినేటప్పుడు, తిన్నాక

చిన్నపిల్లలకి, కడుపుతో ఉన్నవాళ్లకి పెట్టొచ్చా?

నేనైతే మూడేళ్లలోపు పిల్లలకి అడవివి పెట్టను, కడుపుతో ఉన్న అమ్మాయికీ వద్దంటా, పాళ ఛతో బటనో బాగా ఉడికించి పెట్టండి. పెద్దవాళ్లైనా జీవితంలో మొదటిసారి తింటుంటే రెండు చెంచాలతో ఆపి మర్నాడు చూసుకోండి, కొందరికి మంచి కొక్కు కూడా పడదు, దద్దుర్లో అజీర్తో చేస్తుంది.

ఇంట్లో మగాళ్లు రెండు పెగ్గులు వేసుకుని తింటామంటున్నారు, పర్లేదా?

వద్దని చెప్పండి. పేడకుప్పల దగ్గర, కుళ్లిన కట్టెల దగ్గర వచ్చి సాయంత్రానికి సిరాలా నల్లగా కారిపోయే కొక్కుల్లో కొన్ని రకాలు మందుతో కలిస్తే మొహం ఎర్రబడి, గుండె దడదడలాడి, వాంతులవుతాయి, తిన్న రెండు మూడు రోజుల తర్వాత తాగినా సరే. పుట్టకొక్కుకి ఆ గుణం లేదు, కానీ మత్తులో ఉన్నవాడికి కడుపునొప్పి వస్తే అది మందువల్లో కొక్కువల్లో ఎవరు తేల్చాలి?

శ్రావణ సోమవారం తినొచ్చా? ఇది శాకాహారమేనా?

ఇంటింటి ఆచారం అమ్మా. మొక్కా కాదు, జంతువూ కాదు. మా ఇంట్లో నీచు మానేసిన రోజున ఇదే విందు, మా ఎదురింట్లో ఉల్లి వెల్లుల్లితో పాటు దీన్నీ గడప దాటనివ్వరు. మీ అత్తగారిని అడగండి.

మిగిలిన కూర మర్నాడు తింటే విషమవుతుందంటారు?

విషమవదు. రాత్రంతా పొయ్యి గట్టు మీద వదిలేస్తే మాత్రం వానాకాలం ఉక్కకి ఏ కూరైనా పాడవుతుంది. తిన్న వెంటనే ఫ్రిజ్‌లో పెట్టి, మర్నాడు పొగలొచ్చేదాకా వేడిచేసి ఒక్కసారికి తినెయ్యండి. మళ్లీ మళ్లీ వేడిచెయ్యకండి.

ఎక్కువ దొరికాయి, దసరా దాకా దాచుకోవచ్చా?

ఎండబెట్టొచ్చు, ఎండ ఉంటేగా! సన్నగా చీల్చి చేట మీద పరిచి రెండు మూడు రోజులు గట్టి ఎండలో, ముక్క విరిస్తే పుటుక్కుమనాలి, వంగితే ఇంకా తడి ఉన్నట్టే, బూజు పడుతుంది. ఎండలో పెడితే డి విటమిన్ కూడా పెరుగుతుంది. గాజు సీసాలో వేసుకుని, వండే ముందు వేడినీళ్లలో అరగంట నానబెట్టండి, ఆ నీళ్లు వడగట్టి పులుసులో పొయ్యండి, రుచంతా అందులోనే. ఎండ లేకపోతే నూనెలో నీరింకేదాకా వేయించి, చల్లారాక డబ్బాలో పెట్టి ఫ్రీజర్‌లోకి. పచ్చివి ఫ్రీజ్ చేస్తే కరిగేసరికి బురద.

తిన్నాక వాంతులు మొదలయ్యాయి, మజ్జిగ ఇస్తే తగ్గుతుందా?

మజ్జిగ, చింతపండు నీళ్లు, పసరు ఏవీ వద్దు, 108కి ఫోన్ చేసి ఆస్పత్రికి పదండి. గంట రెండు గంటల్లో మొదలైతే చాలావరకు కడుపుకి పట్టే రకం, అయినా డాక్టరే చెప్పాలి. తిన్న ఆరు గంటలు దాటాక, పన్నెండు గంటలకో ఇంకా ఆలస్యంగానో మొదలైతే అది అసలు ప్రమాదం, అమనిటా విషం అలాగే వస్తుంది. ఇంకో మోసం ఉంది దీంట్లో, ఒక రోజు వాంతులు విరేచనాలు అయ్యి మర్నాడు తగ్గినట్టే ఉంటుంది, మనిషి లేచి టీ అడుగుతాడు, లోపల మాత్రం కాలేయం పాడవుతూ ఉంటుంది, మూడో రోజుకి కళ్లు పచ్చబడతాయి. కాబట్టి తగ్గిందని ఇంటికి తీసుకొచ్చెయ్యకండి. వండిన కూర కొంచెం, పచ్చి ముక్కో తొక్కో చెత్తబుట్టలో ఉంటే అదీ కాగితంలో చుట్టి పట్టుకెళ్లండి. అదే కూర తిన్న మిగతావాళ్లు బాగానే ఉన్నా వాళ్లనీ చూపించండి.

మా పెరట్లోనే పుట్ట ఉంది, కొంచెం తవ్వితే ఇంకా వస్తాయా?

తవ్వితే ఉన్నవీ పోతాయి. లోపలి గూడు చెదిరితే చెదలు చోటు మార్చేస్తాయి, వాటితో పాటు మీ కొక్కులూ. కొక్కుని మొదలు దగ్గర పట్టుకుని మెల్లగా తిప్పుతూ పైకి లాగండి, వేరు ఎంతవరకు వస్తే అంతవరకే, తెగిపోతే దాని కోసం గునపం పట్టకండి. పుట్ట ఉన్నంత మాత్రాన వచ్చినవన్నీ పుట్టకొక్కులే అనుకోవద్దు, మొదటిసారి కోసినప్పుడు తెలిసినామెకి చూపించాకే పొయ్యి మీదికి. ఎక్కడ వచ్చాయో గుర్తుపెట్టుకోండి, పుట్ట బాగుంటే దాదాపు అదే చోట, అవే వానలకి మళ్లీ వస్తాయి. మా పెరట్లో జామచెట్టు పక్కన ఒక ఇటుక పెట్టా, మూడేళ్లుగా దానికి జానెడు దూరంలోనే వస్తున్నాయి, ఆ ఇటుక ఎందుకో మా తోడికోడలికి ఇప్పటిదాకా చెప్పలేదు.